లౌక్యం తెలియని మనిషి: నడివయసులో బయటపడే ఆటిజం

మా బంధువుల పెళ్ళిళ్ళలో అన్నయ్య చేతిలో ఎప్పుడూ సాంబారు బకెట్ ఉండేది. మొదటి బంతి కూర్చున్న దగ్గర్నుంచి ఆఖరి బంతి లేచేదాకా వడ్డిస్తూనే ఉండేవాడు. "ఎంత సేవాభావమో" అని పెద్దవాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. అదే మనిషి బకెట్ దించి కుర్చీలో కూర్చుంటే ఎవరైనా వచ్చి "ఏంటి విశేషాలు?" అంటే "ఏమీ లేవు" అని మొహం పక్కకి తిప్పుకునేవాడు. "పొగరు" అనేవాళ్ళు అదే పెద్దవాళ్ళు. కొన్నాళ్ళకి బఫేలు వచ్చాయి, కేటరింగ్ కుర్రాళ్ళు వచ్చారు. అన్నయ్య పెళ్ళిళ్ళకి రావడం తగ్గించేశాడు.

అన్నయ్యకి 47 ఏళ్ళు వచ్చాక ఒక సైకియాట్రిస్టు, ఒక క్లినికల్ సైకాలజిస్టు నాలుగు సిట్టింగులు చూసి, ఆటిజం అని రాసిచ్చారు. ఆ రోజు ఇంటికొచ్చి కాగితం మడతపెడుతూ వాడన్న మొదటి మాట ఇది: "బకెట్ చేతిలో ఉంటే ఎవరూ కబుర్లు చెప్పరు. ఇంకొంచెం వెయ్యమంటారా అని అడిగితే చాలు. దానికి జవాబు రెండే. వెయ్యమంటారు, లేకపోతే చెయ్యి అడ్డం పెడతారు."

నలభై ఏడేళ్ళకి ఆటిజం రావడమేంటని చుట్టాలందరూ అడిగారు. రాదు. అది మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా. పసితనం నుంచీ ఉంటుంది, చివరిదాకా ఉంటుంది. నడివయసులో వచ్చేది దాని పేరు మాత్రమే. ఈ సంగతి స్పష్టంగా చెప్పుకోవాలి. ఎందుకంటే మొన్నటిదాకా నలుగురిలో కలివిడిగా తిరిగిన మనిషి నలభై అయిదేళ్ళకి ఉన్నట్టుండి మాట తగ్గించేసినా, పద్ధతి తప్పి ప్రవర్తించడం మొదలుపెట్టినా అది ఆటిజం కాదు. డిప్రెషన్ కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, మెదడు ముందుభాగాన్ని దెబ్బతీసే డిమెన్షియా రకం కావచ్చు. ఆలస్యం చెయ్యకుండా డాక్టర్‌కి చూపించాల్సిన విషయం అది.

ఆటిజం అని తేల్చాలంటే రెండు రకాల లక్షణాలు కలిసి ఉండాలి. మొదటిది మనుషులతో మాటామంతీకి సంబంధించింది. ఎదుటివాళ్ళు నోటితో చెప్పకుండా చూపుతో, గొంతు మార్పుతో, సగంలో ఆపేసిన మాటతో చెప్పేవి అందవు. మాట ఎక్కడ అందుకోవాలో, ఎక్కడ వదిలెయ్యాలో తెలియదు. స్నేహం కుదిరినా నిలబెట్టుకోవడం కష్టం. రెండోది ఒకే తీరుగా ఉండాలన్న పట్టు. అదే కంచం, అదే దారి, అదే టైము. చిన్న మార్పుకే మనసంతా చెదిరిపోతుంది. ఒకటి రెండు విషయాల మీద తిండి కూడా మర్చిపోయేంత ఆసక్తి ఉంటుంది. శబ్దం, వెలుతురు, వాసన, మెడకి గుచ్చుకునే చొక్కా లేబులు మరీ ఎక్కువగానో, మరీ తక్కువగానో తెలుస్తాయి. ఈ లక్షణాలు చిన్నప్పటి నుంచీ ఉండాలి, బతుకుని నిజంగా ఇబ్బంది పెడుతూ ఉండాలి. బెండకాయ పులుసు ఇష్టం లేనంత మాత్రాన ఆటిజం కాదు. అలాగైతే మా వీధి వీధంతా ఆటిజమే. ఇంట్లో అది ఉడుకుతున్నంతసేపూ ముక్కు మూసుకుని వాకిట్లో నిలబడే పిల్లాడి సంగతి వేరు.

మరి 1977లో పుట్టిన ఆ పిల్లాడిని 2024 దాకా ఎవరూ ఎందుకు గుర్తుపట్టలేదు?

అమెరికాలో లియో కానర్ 1943లో 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం విడిగా ఒక పేరుతో వైద్యంలోకి వచ్చింది. (రష్యాలో గ్రున్యా సుఖరేవా అనే డాక్టరు 1925లోనే ఇలాంటి ఆరుగురు మగపిల్లల గురించి రాశారు. తర్వాత ఆడపిల్లల గురించి కూడా రాశారు. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు.) మాట సరిగా రాని, మనుషుల వైపు చూడని పిల్లలదే ఈ సమస్య అని దశాబ్దాలపాటు అనుకున్నారు. మాటా చదువూ బాగా వచ్చిన పిల్లల్లోనూ ఇలాంటివి ఉంటాయని వియన్నాలో హన్స్ ఆస్పర్గర్ 1944లో రాసినా, అది జర్మన్ భాషలోనే ఉండిపోయింది. బ్రిటన్‌లో లోర్నా వింగ్ 1981లో దాన్ని వెలికితీసి 'ఆస్పర్గర్ సిండ్రోమ్' అనే పేరుతో అందరికీ తెలిసేలా చేశారు. సైకియాట్రిస్టులు ప్రామాణికంగా చూసుకునే డీఎస్ఎం అనే పుస్తకంలోకి ఆ పేరు 1994లో ఎక్కింది. 2013లో ఆ విభాగాలన్నీ కలిపేసి 'ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్' అనే ఒక్క పేరు ఉంచారు. అంటే అన్నయ్య బడిలో చేరేనాటికి అలాంటి పిల్లలకి డాక్టర్ల పుస్తకంలో చోటే లేదు. చోటు దొరికేసరికి వాడు ఇంటర్ దాటేశాడు. అప్పటికీ డాక్టర్ల చూపంతా పిల్లల మీదే.

ఇలా జారిపోయినవాళ్ళని పరిశోధకులు 'తప్పిపోయిన తరం' అంటున్నారు. ఇంగ్లండ్‌లో ఇంటింటికీ వెళ్ళి పెద్దవాళ్ళని పరీక్షించిన ఒక సర్వే ఫలితాలు 2011లో వచ్చాయి. వెయ్యిమందిలో దాదాపు 10 మందికి ఆటిజం ఉందని తేలింది. వయసు పైబడినవాళ్ళలో ఆ లెక్క తగ్గలేదు. అలా ఆటిజం ఉందని తేలినవాళ్ళలో ఎక్కువమందిని అంతకుముందు ఎవరూ గుర్తించలేదు. అదే బ్రిటన్‌లో 1998 నుంచి 2018 దాకా కొత్తగా నమోదైన ఆటిజం కేసులు 787 శాతం పెరిగాయి. "ఈమధ్య అందరికీ ఆటిజమే" అని విసుక్కునేవాళ్ళు ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. నిర్వచనం వెడల్పు కావడం కూడా ఆ పెరుగుదలలో ఉంది, కాదనలేం. కానీ ఎవరూ లెక్కపెట్టని మనుషులు ముందునుంచీ ఉన్నారన్నది మాత్రం నిజం.

వైద్యం సంగతి అలా ఉంచి మన ఇళ్ళలోకి వద్దాం. ఈ మనిషికి మన దగ్గర పేర్లు బోలెడు. తిక్క మనిషి, మొండిఘటం, పుస్తకాల పురుగు, కలుపుగోలుతనం లేనివాడు, లౌక్యం తెలియనివాడు. ఈ ఆఖరి పేరు దగ్గర కాసేపు ఆగాలి. ఎవరితో ఏ మాట, ఎప్పుడు, ఎంతవరకు అనాలో ఎవరూ నేర్పకుండానే తెలిసిపోవడాన్ని మనం లౌక్యం అంటాం. ఎదురింటివాళ్ళు "భోంచేసి వెళ్ళరాదూ" అంటే అది నిజంగా పిలుపో, మర్యాదకి అన్న మాటో మనకి ఇట్టే తెలుస్తుంది. అన్నయ్య ఒకసారి కాళ్ళు కడుక్కుని నిజంగానే పీట మీద కూర్చున్నాడు. అప్పుడు వాడికి పంతొమ్మిదేళ్ళు. ఆ కథ చెప్పుకుని మేం ఇరవై ఏళ్ళు నవ్వుకున్నాం. లౌక్యం మనకి ఒక గుణం. ఉంటే మెచ్చుకుంటాం, లేకపోతే తిడతాం. గుణం అనుకున్నదాన్ని డాక్టర్‌కి చూపించాలని ఎవరికి తోస్తుంది?

పైగా మన పద్ధతులే ఇలాంటివాళ్ళని చాలాకాలం కనపడకుండా మోస్తాయి. మిగతా పిల్లలు ఏడ్చిన రెసిడెన్షియల్ కాలేజీ అన్నయ్యకి హాయిగా ఉండేది. గంటకో బెల్లు, ఎప్పుడు ఏం చెయ్యాలో ముందే గోడ మీద అంటించి ఉంటుంది, మాట్లాడితే తిడతారు కాబట్టి మాట్లాడక్కర్లేదు. తర్వాత పరీక్ష రాసి బ్యాంకు ఉద్యోగం, చాలా ఏళ్ళు కౌంటర్‌తో పనిలేని సెక్షన్లు. పెళ్ళి పెద్దవాళ్ళే కుదిర్చారు, ఒక అమ్మాయితో తనంతట తను మాట కలపాల్సిన అవసరమే రాలేదు. పెళ్ళయ్యాక చుట్టరికాలు, ఫోన్లు, ఎవరింటికి ఏం పట్టుకెళ్ళాలో అన్నీ వదినే చూసుకుంది. చుట్టూ ఇన్ని ఊతలుంటే నడకలో తేడా ఎవరికి కనిపిస్తుంది?

ఇది మన దగ్గరే కాదు. కానర్ రాసిన ఆ 11 మందిలో మొదటి పిల్లాడు డోనల్డ్ ట్రిప్లెట్ కూడా పెద్దయ్యాక బ్యాంకులోనే పనిచేశాడు. మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊళ్ళో వాళ్ళ కుటుంబానికి చెందిన బ్యాంకు అది. కారు నడిపాడు, గోల్ఫ్ ఆడాడు, ఒంటరిగా దేశాలు తిరిగాడు, 2023లో 89 ఏళ్ళకి చనిపోయాడు. ఊరంతా వాడిని వాడిలాగే ఉండనిచ్చింది. డబ్బున్న ఇల్లు, తెలిసిన ఊరు, మారని ఉద్యోగం, మూడూ కలిసొచ్చాయి. ఆ మూడూ లేని డోనల్డులు ఎంతమందో.

ఊతలు ఎప్పుడు విరుగుతాయో చెప్పలేం. అన్నయ్యకి ప్రమోషన్‌తో విరిగాయి. 45వ ఏట బ్రాంచ్ మేనేజర్‌ని చేశారు. పొద్దున్నే వీడియో మీటింగు, ఇన్సూరెన్స్ టార్గెట్లు, క్యాబిన్లోకి నిమిషానికొకరు, ఇది చాలక ఊళ్ళో పెద్దమనుషులతో "సంబంధాలు మెయింటెయిన్" చెయ్యాలి. ఆరు నెలలు లాక్కొచ్చాడు. తర్వాత ఆదివారాలు కర్టెన్లు వేసుకుని పడుకునేవాడు. ఏదైనా అడిగితే జవాబు తయారవడానికి అర నిమిషం పట్టేది. ముందు చూసిన డాక్టరు డిప్రెషన్ అని ఏడాదికి పైగా మందులిచ్చారు. డిప్రెషన్ ఉన్నమాట నిజమే, మందులు కొంత పనిచేశాయి కూడా. కానీ సెలవు పెడితే బాగుపడటం, బ్రాంచ్‌కి వెళ్తే మళ్ళీ కూలిపోవడం ఎందుకో ఆ పేరు చెప్పలేకపోయింది. లక్షణాలు చిన్నప్పటి నుంచీ ఉన్నా, చుట్టూ ఉన్న లోకం అడిగేది మనిషి శక్తిని మించేదాకా పూర్తిగా బయటపడకపోవచ్చనీ, నేర్చుకున్న ఉపాయాల వెనక దాగిపోవచ్చనీ 2013 నాటి డీఎస్ఎం స్వయంగా చెబుతుంది. అన్నయ్య కథ ఆ ఒక్క వాక్యంలో ఉంది.

ఇంకొందరికి అమ్మ పోయాకో, విడాకులయ్యాకో, ఏళ్ళ తరబడి ఉన్న ఊరు మారాకో తెలుస్తుంది. ఈమధ్య ఎక్కువగా కనిపిస్తున్న దారి పిల్లలు. కొడుక్కో కూతురికో ఆటిజం అని పరీక్షలు చేయిస్తుంటే, డాక్టర్ అడిగే ఒక్కో ప్రశ్నకీ తండ్రి "నేనూ అంతేనే" అనుకుంటాడు. ఆశ్చర్యం లేదు. కవలల మీద జరిగిన అధ్యయనాల ప్రకారం ఆటిజంలో వంశపారంపర్యం వాటా సుమారు 80 శాతం ఉంటుంది.

ఆడవాళ్ళ సంగతి ఇంకా చిక్కు. ఒక ఆడపిల్లకి నలుగురు మగపిల్లలు అని పాత లెక్క. చాలా అధ్యయనాలని కలిపి చూసిన 2017 నాటి విశ్లేషణ అది ముగ్గురికి దగ్గరగా ఉంటుందనీ, ఆడపిల్లలు నిర్ధారణ దాకా రాకుండానే మిగిలిపోతున్నారనీ చెప్పింది. మన ఇళ్ళలో చూస్తే కారణం తెలుస్తుంది. "నవ్వుతూ పలకరించు, ఎదురు చెప్పకు, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళివ్వు" అని అయిదేళ్ళ నుంచీ ఆడపిల్లకి చేయించే రిహార్సల్ మగపిల్లాడికి చేయించరు. ఆమె చూసి నేర్చుకుంటుంది. ఎవరి కళ్ళలోకి ఎన్ని సెకన్లు చూడాలో లెక్కపెట్టుకుంటుంది, రేపు పేరంటంలో ఏం మాట్లాడాలో రాత్రే అనుకుని పడుకుంటుంది. దీన్నే ఇప్పుడు మాస్కింగ్ అంటున్నారు. బయటికి కలివిడి మనిషి, ఇంటికొచ్చాక గంటసేపు బాత్‌రూమ్‌లో లైటు ఆర్పుకుని కూర్చునే మనిషి. ఏళ్ళు గడిచేకొద్దీ దాని ఖరీదు తెలుస్తుంది. మెనోపాజ్ వయసులో నిద్ర, ఓపిక దెబ్బతిన్నాక ఆ వేషం మొయ్యడం ఇక సాధ్యం కాలేదని చెప్పే ఆడవాళ్ళు చాలామంది. అప్పటికి వాళ్ళ ఫైల్లో యాంగ్జైటీ, డిప్రెషన్, పర్సనాలిటీ డిజార్డర్ వరసగా రాసి ఉంటాయి.

ఎలా తేలుస్తారన్నది మరో ప్రశ్న. రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. ఆన్‌లైన్‌లో దొరికే ప్రశ్నావళుల్లో పేరున్నది 'ఏక్యూ', 50 ప్రశ్నలు, 2001లో కేంబ్రిడ్జ్‌లో తయారైంది. అందులో మార్కులు ఎక్కువ వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్ళడానికి ఒక కారణం దొరికినట్టు, అంతకు మించి ఏమీ కాదు. బాగా భయస్థులకీ, ధ్యాస నిలవక కుదురుండని సమస్య అయిన ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళకీ కూడా అందులో ఎక్కువే రావచ్చు. అసలు పని మనిషిని కూర్చోబెట్టి గంటల తరబడి మాట్లాడటంలో, చిన్నప్పటి సంగతులు తవ్వడంలో ఉంటుంది. ఒసీడీయా (చేసిందే మళ్ళీ మళ్ళీ చెయ్యాలనిపించే జబ్బు), నలుగురిలో మాట్లాడాలంటే భయమా, చిన్నప్పుడు పడ్డ దెబ్బల ఫలితమా, ఇవన్నీ విడదీసుకుంటూ రావాలి. రెండు మూడు కలిసి ఉండటం కూడా మామూలే. ఏడీహెచ్‌డీ, ఆటిజం రెండూ ఒకే మనిషికి రాయడానికి 2013కి ముందు డీఎస్ఎం ఒప్పుకునేది కాదు.

మాకు ఆ గదిలో జరిగింది బాగా గుర్తు. అమ్మని పిలిపించారు. సైకాలజిస్టు అడిగింది, చిన్నప్పుడు పిలిస్తే పలికేవాడా, ఏదైనా వేలితో చూపించి "అమ్మా, అది చూడు" అనేవాడా, తోటిపిల్లలతో ఉత్తుత్తి వంటలాట ఆడేవాడా అని. అమ్మ చీర కొంగు సర్దుకుని మొదలుపెట్టింది. "మా పెద్దాడు బుద్ధిమంతుడమ్మా. పక్కింటి పిల్లల్లా అల్లరి ఎరగడు. బస్టాండ్ పక్కనే ఇల్లు మాది. అరుగు మీద కూర్చుని వచ్చే బస్సు, పోయే బస్సు, డిపో పేరూ నంబరూ నోటుబుక్కులో రాసుకునేవాడు. మూడు పుస్తకాలు నింపాడు. ఒక్కరోజు అరుగు మీద వేరేవాళ్ళు కూర్చుంటే మధ్యాహ్నం అన్నం తినలేదు, అంత పట్టుదల." అమ్మ చెబుతున్న ఒక్కొక్క గొప్పకీ ఆవిడ తల వంచుకుని ఒక్కొక్క గీత రాసుకుంటోంది. అన్నయ్య మధ్యలో అందుకుని "నాలుగు పుస్తకాలు" అన్నాడు.

ఈ చిన్నప్పటి సాక్ష్యమే నడివయసువాళ్ళకి పెద్ద అడ్డంకి. అరవై ఏళ్ళ మనిషికి అయిదేళ్ళప్పటి సంగతి చెప్పడానికి ఎవరు మిగిలి ఉంటారు? మన దగ్గర ఆటిజం సెంటర్లు కూడా ఎక్కువ భాగం పిల్లల కోసమే. రంగురంగుల బొమ్మల మధ్య, పిల్లల్ని పట్టుకొచ్చిన తల్లుల మధ్య నెరిసిన జుట్టుతో కూర్చోవాలి. "పేషెంట్ ఎక్కడ సార్?" అని రిసెప్షన్‌లో అన్నయ్యని రెండుసార్లు అడిగారు.

నిర్ధారణ అయ్యాక ఏమవుతుంది? ముందు ఊరట. స్కాట్లండ్ గాయని సూజన్ బాయిల్‌కి చిన్నప్పుడు మెదడు దెబ్బతిందని చెప్పారు. 2012లో, యాభై దాటాక, అది ఆస్పర్గర్ అని తేలింది. ఆ తర్వాత తన విషయంలో తనకి మనసు కుదుటపడిందని ఆమె చెప్పుకున్నారు. ఊరట వెనకే దుఃఖం వస్తుంది. ముప్ఫై ఏళ్ళు తిన్న తిట్లన్నీ మళ్ళీ గుర్తొస్తాయి, ఈసారి అర్థంతో సహా. కోపం కూడా వస్తుంది, అది ఎవరి మీదో తెలియదు.

ఇంట్లో మిగతావాళ్ళ లెక్కలు వేరే. "ఈ వయసులో ఈ ముద్ర ఎందుకురా, రేపు పిల్లకి సంబంధాలు చూడాలా వద్దా" అన్నాడు మా బాబాయ్. వదిన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత వంటింట్లో నాతో అంది: "నాకు జ్వరమొస్తే పక్కన కూర్చునేవారు కాదు. టాబ్లెట్లు టైం ప్రకారం గ్లాసు నీళ్ళతో తెచ్చి పెట్టి వెళ్ళిపోయేవారు. ఇరవై ఏళ్ళు ఆ గ్లాసు చూసి ఏడ్చాను. ఇప్పుడేమో అదే ప్రేమ అంటున్నారు. అయితే అవ్వనీ. కానీ నేను ఏడ్చింది కూడా నిజమేగా." నా ఉద్దేశంలో ఈ విషయం మీద వచ్చే వ్యాసాల్లో కనిపించనిది ఈ మాటే. కాగితం అన్నయ్య నడతకి కారణం చెప్పింది, వదిన ఇరవై ఏళ్ళని వెనక్కి ఇవ్వలేదు. కారణం దొరికింది కదా అని నొప్పించిన మాటకి క్షమాపణ అక్కర్లేకుండా పోదు.

అలాగని అర్థం చేసుకోలేకపోవడం ఒకవైపే ఉందనుకోవడమూ సరికాదు. బ్రిటన్‌లో డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు, తనూ ఆటిజం ఉన్న మనిషే, 2012లో ఒక వాదన పెట్టాడు. ఆటిజం ఉన్నవాళ్ళకి మిగతావాళ్ళు ఎంత అర్థం కారో, మిగతావాళ్ళకి వీళ్ళూ అంతే అర్థం కారు, కాకపోతే తప్పు ఎప్పుడూ తక్కువమంది ఉన్న వైపే వేస్తారు అని. తర్వాత జరిగిన ఒక ప్రయోగంలో ఆటిజం ఉన్నవాళ్ళు తమలో తాము ఒకరి నుంచి ఒకరికి విషయం చేరవేసుకోవడంలో మిగతావాళ్ళకి ఏమీ తీసిపోలేదు. రెండు గుంపుల్నీ కలిపినప్పుడే సమాచారం జారిపోయింది. టాబ్లెట్ గ్లాసు కథలో ఇద్దరూ తప్పుగా చదువుకున్నారు.

సర్టిఫికెట్ సంగతి చూద్దాం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ప్రభుత్వోద్యోగాల్లో ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, బహుళ వైకల్యాలు అన్నిటికీ కలిపి ఒక శాతం రిజర్వేషన్ ఉంది. రిజర్వేషన్ లాంటి వాటికి కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. ఆ శాతాన్ని లెక్కకట్టడానికి వాడే కొలత 'ఈసా'. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థ తయారుచేసింది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, మొత్తం కనీసం 70 వస్తేనే ఆటిజం కింద లెక్క. ఆ అంశాల్లో చాలావరకు బయటికి కనిపించే నడత మీదే ఉంటాయి. ఏళ్ళ తరబడి ఆ నడతని దాచుకోవడం నేర్చిన మనిషికి అందులో 70 రావడం కష్టం. డాక్టర్ ఆటిజం అన్నా సర్టిఫికెట్ చేతికి రాని పరిస్థితి అలా వస్తుంది. అన్నయ్య దానికి దరఖాస్తు పెట్టలేదు. పై అధికారికి ఉన్నదున్నట్టు చెప్పి, మేనేజర్ కుర్చీ వదులుకుని ఆడిట్ వైపు అడిగాడు. లౌక్యం ఉన్నవాళ్ళెవరూ చెయ్యని పని. పని జరగడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఆటిజానికి మందు లేదు. దానితో పాటు ఉండే డిప్రెషన్‌కి, యాంగ్జైటీకి, నిద్రలేమికి ఉన్నాయి, వాటిని తేలిగ్గా తీసుకోకూడదు. ఆలస్యంగా నిర్ధారణ అయినవాళ్ళలో చనిపోవాలన్న ఆలోచనలు చాలా ఎక్కువని బ్రిటన్‌లో ఒక క్లినిక్ 2014లో ప్రచురించిన అధ్యయనంలో కనిపించింది. అలాంటి ఆలోచన వస్తే 14416కి ఫోన్ చెయ్యొచ్చు. అది టెలీ మానస్, ఉచితం, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. మిగతాదంతా ఇంట్లో చేసుకునే మార్పులే. మా ఇంట్లో అయితే ట్యూబ్‌లైట్లు తీసేసి పసుపు బల్బులు పెట్టారు. చుట్టాలు వచ్చే ముందు ఎప్పుడొస్తారో, ఎప్పుడు వెళ్తారో వాట్సాప్‌లో పెట్టాలి. వదిన ఇప్పుడు "నాకు ఒంట్లో బాలేదు" అని ఊరుకోదు, "పక్కన పది నిమిషాలు కూర్చోండి" అంటుంది. అన్నయ్య కూర్చుంటాడు. పది నిమిషాలకి లేస్తాడు.

ఈ సంక్రాంతికి అందరం ఇంట్లోనే ఉన్నాం. భోజనాలయ్యాక అమ్మ వక్క నోట్లో వేసుకుంటూ, గోడ మీద నాన్న ఫొటో వైపు చూసి అడిగింది.

"ఏరా, మీ నాన్నగారు కూడా అంతేగా. ఆయన కంచం ఇంకెవరూ ముట్టుకోకూడదు. పెళ్ళిళ్ళకెళ్తే స్టోర్ రూమ్‌లో కూర్చుని సరుకుల లెక్కలు రాసేవారు. ఆయనకీ ఇదేనంటావా?"

నేను ఏం చెప్పాలా అని చూస్తున్నాను. అన్నయ్య మాత్రం కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"తేల్చలేమమ్మా. అయిదేళ్ళ లోపు సంగతులు చెప్పేవాళ్ళు కావాలి. నానమ్మ లేదుగా."